రంగు నీళ్ల బాబాయి

మా బాబాయి ఎవరి మాటైనా నమ్ముతాడు గాని, రంగు నీళ్లు పోసి కళ్లారా చూడని కాలువను మాత్రం చచ్చినా నమ్మడు. నగరపాలక కార్యాలయంలో వాన నీటి కాలువల పటం తయారుచేయించడం ఆయన ఉద్యోగం. ఆయన చెప్పినట్టు గియ్యడం నా ఉద్యోగం. ఏ కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ఏట్లో కలుస్తుందో చూపమని కాలుష్య మండలివారు గడువు పెట్టారు. పాత పటాలకు నకలు తీసి పంపేద్దామని ఆఫీసంతా ఏకగ్రీవంగా తీర్మానించింది. బాబాయి బకెట్టు పుచ్చుకుని బయల్దేరాడు.

ఈ చివర ఎర్రరంగు నీళ్లు కుమ్మరించి, ఆ చివరకు పరుగెత్తి కాచుక్కూచుంటాడు. ఎర్రగా వస్తే గీత గియ్యమంటాడు. రాకపోతే ఆ కాలువ పుట్టనే లేదంటాడు. వచ్చినా తృప్తి లేదు. మళ్లీ పసుపు పోస్తాడు.

“ఒకసారి వచ్చాయిగా బాబాయ్?”

“పొరపాటున వచ్చాయేమోరా.”

మా పెదనాన్న కొత్త ఇల్లు చూపిద్దామని పిలిచాడు. అందరూ గదులు మెచ్చుకుంటుంటే ఈయన డాబా ఎక్కి గొట్టంలో నీలం పోశాడు. అది పక్కవాళ్ల వంటింటి గుమ్మంలో తేలింది. ఆ పక్కవాళ్లు ఇప్పటికీ పెదనాన్నతో మాట్లాడరు. బాబాయి కనిపిస్తే మాత్రం కుర్చీ వేస్తారు. ఈయన్ని ఎవరింటికైనా తీసుకెళ్లేముందు జేబులు వెతకడం పిన్నికి అలవాటైంది.

గడువు దగ్గరపడ్డ వారంలో ఏరు ఎర్రబడింది. వాన కాలువలోకి కొట్ల మురుగు వదలడం నేరం. ఎర్రనీళ్లు వచ్చిన కాలువ వీధిలో బట్టలకు రంగులద్దే కొట్టు ఒక్కటే ఉంది. అది అందరం అత్తయ్య అని పిలిచే పెద్దావిడది. పూలూ బెరళ్లూ ఉడికించి రంగులు చేస్తుంది. తన నీళ్లు పెరట్లో గుంతలోకే పోతాయని ఆవిడ ఎంత మొత్తుకున్నా, మర్నాడే కొట్టుకు సీలు వేస్తానని తనిఖీ అధికారి చెప్పేశాడు.

ఆవిడ మా పెద్ద సారు గదిలో అధికారిని బతిమాలుతుండగా బాబాయి లోపలికి వచ్చాడు.

“ఆ రంగు నేను పోసిందండీ. కాలువ పరీక్షకి.”

పెద్ద సారు తల పట్టుకున్నాడు. పరీక్షలకని ఆఫీసు కొనిచ్చిన పచ్చపొడి డబ్బాలు మూతైనా తియ్యకుండా పడి ఉంటే, చేతి డబ్బు పెట్టి బయట రంగు కొనడమేమిటని అడిగాడు.

“పచ్చరంగు నాచులో కలిసిపోతుందండీ.”

“సరే, ఎరుపు పోశావు. మళ్లీ పసుపెందుకయ్యా?”

బాబాయి ఫ్యాను వంక చూశాడు. అత్తయ్యే అందుకుంది. “మిల్లు బట్టలొచ్చాక నా కొట్టు గడప తొక్కేది ఈయనొక్కడే బాబూ. ఊళ్లో ఇన్ని కాలువలున్నాయా అని నాకే అనుమానమొచ్చింది.”

నేను చేతిలోని పటం చుట్టేశాను.

అధికారి గొంతు సవరించుకుని, చెబితే చాలదనీ, ఆవిడ కొట్టు నీళ్లు కాలువలో కలవడం లేదని కళ్లకు చూపించాలనీ అన్నాడు. తన మనసెరిగిన ఉద్యోగి జీవితంలో తొలిసారి ఎదురైనట్టు బాబాయి మొహం వెలిగిపోయింది.

కొట్టు తూములో ఎర్రనీళ్లు పోసి, అందరం ఏటి ఒడ్డున సాయంత్రం దాకా నిలబడ్డాం. కాలువలోంచి ఏట్లోకి తేటనీళ్లే వచ్చాయి. సీలు వెయ్యనని అధికారి సంతకం పెట్టబోయాడు.

బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఒక్కసారికే నమ్మెయ్యకూడదండీ.”

అధికారి కాసేపు ఆయన వంక, కాసేపు అత్తయ్య వంక చూశాడు. తర్వాత పర్సు తీశాడు.

“నీలం ఎంతమ్మా?”