గిన్నెల మిషను గోల

కాలేజీలు మూతబడిన ఆ రోజుల్లో, ఊరికే కూర్చున్న కుర్రాడంత ప్రమాదకరమైన ప్రాణి ఇంట్లో ఇంకోటి ఉండేది కాదు. అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నాటికి, నాకు పదిహేడేళ్లు. ఇవాళ బంద్ అంటే రేపు కర్ఫ్యూ. ఊరేగింపుల వైపు పోతే కాళ్లు విరగ్గొడతానని నాన్న ముందే చెప్పాడు. దాంతో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని మా రెండు గదుల కిరాయి ఇంట్లోనే పడి ఉండి, ఆగిపోయిన గడియారాన్నీ, చక్కగా పాడుతున్న రేడియోనూ ఒకే శ్రద్ధతో విప్పుతూ ఉండేవాణ్ణి. వీధిలో అందరూ నన్ను ఇంజనీరు అనేవారు. (అది వెక్కిరింపని చాలా రోజుల దాకా నాకు తెలియదు.)

సరిగ్గా అప్పుడే అమ్మ మిషను మా ఇంటికి వచ్చింది. అమ్మ ఒక విదేశీ డాక్టరమ్మ బంగళాలో వంట చేసేది. అక్కడ గిన్నెలు కడిగే మిషను ఒకటుండేది గాని, బట్లరు దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగి చూడటమే. డాక్టరమ్మ తన దేశానికి వెళ్లిపోతూ దాన్ని అమ్మ చేతుల్లో పెట్టింది. మా ఇంట్లో నల్లా లేదు. బావి నీళ్లు తోడి, కాచి, బకెట్లతో దాని నెత్తిన పోసేవాళ్లం. (ఆ నీళ్లతో గిన్నెలు రెండుసార్లు కడుక్కోవచ్చన్న సంగతి అమ్మ ముందు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.) చర్చి ప్రార్థనకని మా ఇంటికి వచ్చిన ఆడవాళ్లందరికీ అమ్మ దాన్ని చూపించి, చీర కొంగుతో మరోసారి తుడిచేది.

కొద్దిరోజులు బుద్ధిగా నడిచిన మిషను ఒక మధ్యాహ్నం కంకర నమలడం మొదలుపెట్టింది. పక్క వాటాలో కునుకు తీస్తున్న ఇంటి ఓనరు తాత లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందిరా ఇది, ఇంట్ల లారీ ఇంజను చాలూ చేసిన్రా?"

"గిన్నెల మిషను తాతా. జర చప్పుడైతుంది."

"జరనా! గోడలు గజగజ వణుకుతున్నయ్. ఆదివారం దాక చూస్త. చప్పుడు బంద్ కాకుంటే ఇంట్ల మిషనన్న ఉండాలె, మీరన్న ఉండాలె."

నాన్న ఆ మాటే పట్టుకున్నాడు. "పరేషాన్ ఎందుకు, పాత ఇనుము కింద తూకానికేద్దాం" అన్నాడు. అమ్మ మొహం చూడలేక, నేను బాగుచేస్తానని మాటిచ్చేశాను. బంద్‌లో ఏ మెకానిక్కూ దొరకడు, నాకు తిరుగులేదనుకున్నాను.

ముందు కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టాను. చప్పుడు పోలేదు, మిషనే వంటింట్లోంచి గడప దాకా నడిచొచ్చింది. బొంత కప్పాను. బొంత కాలిన వాసన వచ్చింది. కొబ్బరినూనె పోశాను. ఆ పూట గ్లాసులన్నీ తలంటు పోసుకున్నట్టు నిగనిగలాడాయి. మరలన్నీ విప్పి మళ్లీ బిగిస్తే గుప్పెడు మరలు మిగిలిపోయాయి. కంపెనీవాడు తెలివితక్కువగా ఎక్కువ పెట్టాడని నాన్నకు చెప్పాను. చప్పుడు మాత్రం ఇంకా హుషారుగా వస్తోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

శనివారం దాన్ని బోర్లించి అడుగు విప్పాను. నీళ్లు తిప్పే పంపు నిండా బూడిద ముద్ద, అందులో ఇసుక. ఇదెక్కడిదని పెరట్లోకి వెళ్లి చూద్దును కదా, అమ్మ రాయి దగ్గర కూర్చుని చారు గిన్నెను బూడిదా ఇసుకా వేసి బరబరా తోముతోంది.

"ఏం చేస్తున్నవే అమ్మా?"

"కనవడ్తలేదా? గిన్నెలు తోముతున్న."

"మరి మిషనెందుకే?"

"మిషన్ల పెట్టేటందుకే తోముతున్న. ఎంగిలి గిన్నెలు ఎట్ల పెడ్తర్రా దాంట్ల? డాక్టరమ్మ ఇచ్చిన వస్తువు. మర్యాద ఉండద్దా?"

నేను నెత్తి పట్టుకుని అక్కడే కూలబడ్డాను. "నీ బూడిదే దాని గొంతుల అడ్డం పడ్డదే!"

"బూడిదతోని ఖరాబు ఎట్లయితదిరా? బూడిద సాఫ్ చేస్తది గాని" అంది అమ్మ, నా చదువు మీద జాలిపడుతూ.

పంపు శుభ్రంగా కడిగి బిగించి, ఆదివారం భోజనాలయ్యాక ఎంగిలి గిన్నెలు అలాగే పెట్టేలా అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. ఒక్కో గిన్నె పెడుతూ మొహం పక్కకు తిప్పుకుంది. మిషను అన్నం ఉడుకుతున్నంత మెల్లగా నడిచింది. ఓనరు తాత వచ్చి దాని మీద చెవి ఆనించి విని, "నడుస్తుందా? అయితే మీరూ ఉండుండ్రి, దాన్నీ ఉండనియ్యుండ్రి" అని వెళ్లిపోయాడు. నేను ఛాతీ విరుచుకుని అమ్మ మెచ్చుకోలు కోసం నిలబడ్డాను.

అమ్మ నా వైపు చూడనే లేదు. ఖాళీ చేతులతో గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు నేనేం చెయ్యాలె?" అని అడిగింది. నాన్న పేపరులోంచి తలెత్తకుండానే "కూసో" అన్నాడు. కూర్చుంది. అన్నాలయ్యాక ఆమె మాతో కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. కాసేపటికి గోడకు ఆనుకుని అలాగే నిద్రపోయింది. ఆ గురక మిషను కంటే పెద్దగా ఉంది. ఓనరు తాత మళ్లీ తొంగిచూశాడు. చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్లాడు. మిషను ఆగిపోయినా ఎవరం కదల్లేదు.

నేను ఇంజనీరునేమీ కాలేదు. గుమాస్తాగా రిటైరై ఎల్‌బీ నగర్‌లో ఉంటున్నాను. అమ్మ లేచి ఏమంటుందా అని ఆ మధ్యాహ్నమంతా కాచుక్కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పొద్దుగూకే వేళకు లేచి అమ్మ నా మీదే విరుచుకుపడింది: "ఇంతసేపు పండనిచ్చినవేందిరా! పొయ్యి ఎవరు ముట్టిస్తరు?" ఆ కోపంలో మెచ్చుకోలు వెతుక్కునే తెలివి పాపం ఆ ఇంజనీరుకు అప్పటికింకా రాలేదు.