రాయని పేరు

ఆమె బల్లమీద పెట్టిన కాగితానికి ఎండుచేపల వాసన ఉంది. బాపట్లలోని నా ఆఫీసుకు ఇలాంటి కాగితాలు వస్తూనే ఉంటాయి. "నేనే రాసుకున్నానండి. వీలునామాకి లాయరు అక్కర్లేదంటగా?" అంది. నిజమే, అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు చూస్తుండగా సంతకం చేసి, వాళ్లచేత కూడా చేయిస్తే తెల్లకాగితం చాలు. ఆ మాట నాకు మొదట చెప్పింది మా సీనియర్ దమయంతిగారు.

లా చదివాక కొన్నేళ్లు తెనాలి నుంచి రోజూ రైల్లో రేపల్లె వెళ్లి ఆవిడ దగ్గర పనిచేశాను. ఆవిడ మాట పెళుసు. వీలునామా రాయించుకోవడానికి వచ్చినవాళ్లలో సగంమందిని, "ఉన్నది ఒక్క ఇల్లు, దానికి నాకు ఫీజెందుకు? మీరే రాసుకురండి, చూసిపెడతాను" అని పంపేసేవారు. నాకు ఒళ్లు మండేది. వచ్చిన బేరాన్ని వాకిట్లోంచే తోలేస్తే మేం తినేదేమిటని లోపల సణుక్కునేదాన్ని.

అలా సొంతంగా రాసుకొచ్చినవాళ్లలో పోలయ్య ఒకడు. సముద్రం మీద వేటకు వెళ్లి వెళ్లి ఒళ్లు నల్లగా కమిలిపోయిన ముసలాయన. చిన్న కొడుకు చనిపోయాక కోడలు మంగే ఆయన్ని చూసుకుంటోంది. పెద్ద కొడుకు పడవ తీసుకుని వేరుపడి, మళ్లీ గడప తొక్కలేదు. పోలయ్య ఇల్లు మంగకు రాశాడు. అది దక్కకపోతే ఆమెకూ, ఆమె కూతురికీ నిలువ నీడ లేదు.

నేను ఉత్సాహం పట్టలేక దాన్నంతా "సర్వహక్కులతో అనుభవించునట్లుగా" అంటూ లాయరు భాషలోకి మార్చేశాను. దమయంతిగారు చదివి వినిపించారు. పోలయ్య శ్రద్ధగా విని, "బాగుందండి. ఎవరిదండీ ఇది?" అన్నాడు. ఆవిడ పడీపడీ నవ్వి నా కాగితాలు చించి బుట్టలో పడేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత పోలయ్య రాసిందే చేతిలోకి తీసుకున్నారు.

"ఇందులో నీ పెద్దోడి పేరేదయ్యా?"

"వాడి పేరెత్తనని ఒట్టేసుకున్నానమ్మా."

"నువ్వెత్తకపోతే కోర్టులో వాడెత్తుతాడు. మా నాన్నకి నేనున్న సంగతే గుర్తులేదు, మంగే దగ్గర కూర్చుని రాయించుకుందంటాడు. కాదని చెప్పడానికి అప్పటికి నువ్వుండవుగా?"

పోలయ్య లేచి బయట అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. వెళ్లిపోతాడేమోనని భయపడ్డాను. చివరికి లోపలికొచ్చి పెన్ను అడిగి, మొత్తం మళ్లీ తిరగరాశాడు. "పెద్దోడు నాగరాజుకి పడవ ఇచ్చాను. వేటలో వాడంతటోడు లేడు. ఎక్కడైనా బతుకుతాడు. మంగకి ఈ ఇల్లు తప్ప దిక్కులేదు. అందుకని ఇల్లు మంగకి." సాక్షులను పిలిపించి ఆ కాగితం మీదే సంతకాలు చేయించాం.

పోలయ్య పోయాక నాగరాజు కేసు వేస్తానని కేకలేస్తూ వచ్చాడు. దమయంతిగారు ఏమీ వాదించకుండా వీలునామా నకలు చేతికిచ్చారు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు.

"వేటలో వాడంతటోడు లేడని... మీరు రాయించారా అండి?"

"పేరు రాయమన్నది నేను. మిగతాదంతా మీ నాన్నే."

అతను కండువాతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు. కేసు వేయలేదు. మంగ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది.

దమయంతిగారు ఇప్పుడు లేరు. ఆవిడంటే నాకు ఇంకా కాస్త భయమే, చెప్పలేనంత ప్రేమ కూడా. ఎదుట కూర్చున్నామె కాగితం రెండుసార్లు చదివాను. సాక్షుల సంతకాలు సరిగ్గానే ఉన్నాయి, మాటల్లోనూ తికమక లేదు.

"చక్కగా రాశారమ్మా. ఇందులో ఎవరి పేరు రాయలేదు?"

ఆమె తల దించుకుంది. నేను పెన్ను మూత తీసి, ఓ కొత్త తెల్లకాగితంతో పాటు ఆమె వైపు జరిపాను.