మా గేదెకు నచ్చని సైలెన్సర్

తనకంటూ ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగే అలవాటు మా ఆయనకు లేదు. పండక్కి చొక్కా తీసుకుందాం రండి అంటే, ఉన్నవి చిరగలేదుగా అంటాడు. అలాంటి మనిషి యాభై దాటాక ఒక రోజు అన్నం తింటూ, "బండికి సైలెన్సర్ మార్పిద్దామనుకుంటున్నానే" అన్నాడు. చిల్లుపడిందేమో, పొగ కమ్ముతోందేమో అనుకున్నాను. అదేం కాదట. శబ్దం బాగుండాలట.

"శబ్దం బాగుండటమేంటండీ, దాంతో పాటకచేరీ ఏమైనా పెడతారా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. పెరుగన్నం కలుపుకుంటూ, "సింధనూరులో పురుగుమందుల కొట్టు ముందు ఎవరిదో బండి విన్నానే. మన బండి లాంటిదే. డబ్ డబ్ మని ఎంత నిండుగా ఉందో. వారమైంది, చెవుల్లోంచి పోవడం లేదు" అన్నాడు. ఆ మాట చెబుతుంటే ఆయన మొహం చూసి, నోటిదాకా వచ్చిన వెక్కిరింత మింగేశాను. నాకు అది చిన్న విషయం కాదు. నోరు నా మాట వినడం అరుదు.

మాది కర్ణాటకలో సింధనూరు పక్కన, గోరేబాళ దగ్గర క్యాంపు. కాలవ కింద వరి పండించుకుందామని కోస్తా నుంచి మా పెద్దవాళ్లు వచ్చి వేసుకున్న ఊళ్లను ఇక్కడ అందరూ క్యాంపులనే అంటారు. మా బండి చిన్న బండి. ఎరువు బస్తాలు, తవుడు బస్తాలు, గడ్డిమోపులు, నేను, అన్నీ దాని మీదే. బురదలో తిరిగి తిరిగి సైలెన్సర్ అడుగున తుప్పు తినేస్తే ఆయన ఒక రేకు అతికించాడు. లోపల కూడా ఏదో ఊడి గలగలమంటూ ఉండేది. బండి కాలవ మలుపు తిరిగిందంటే వంటింట్లో ఉన్న నాకు తెలిసిపోయేది. నాకంటే ముందు గేదెకు తెలిసేది.

ఈ గేదె సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. దానికి ఆ ఈతలో పుట్టిన దూడ కొద్ది రోజులకే చచ్చిపోయింది. దూడ మూతి పెట్టి రెండు గుద్దులు గుద్దితేనే గేదె చేపుతుంది. చేపకపోతే పొదుగు నిండా పాలున్నా చుక్క దిగదు. అలా కొన్నాళ్లు సాగితే ఒట్టిపోతుంది. ఒట్టిపోయిన గేదెను కూర్చోబెట్టి మేపే ఓపిక మా వైపు ఎవరికీ లేదు, సంతకు తోలేస్తారు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి దాని ముందు నిలబెట్టమని కొందరు సలహా ఇచ్చారు. సూది పొడిపిస్తే చచ్చినట్టు దిగుతాయి అన్నారు ఇంకొందరు. మా ఆయన రెండూ కాదన్నాడు. "బిడ్డ పోయి అది ఏడుస్తుంటే బొమ్మ చూపించి మోసం చేస్తామా" అన్నాడు. పొలం నుంచి వస్తూ తవుడు తెచ్చేవాడు. బెల్లం నీళ్లతో ముద్దలు చేసి, దాని మెడ నిమురుతూ, దానితో ఏవేవో మాట్లాడుతూ తినిపించేవాడు. నాతో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదని దెప్పేదాన్ని కూడా. అలా తినిపించగా తినిపించగా ఒక సాయంత్రం చేపింది. పోనుపోను తవుడు కూడా అక్కర్లేకుండా పోయింది. కాలవ మలుపులో ఆ గలగల వినపడితే చాలు, చెవులు ఇటు తిప్పి, గొంతులో సన్నగా మూలిగి, పాలు వదిలేసేది. నేను తపేలా పట్టుకుని పరుగెత్తాల్సి వచ్చేది.

సైలెన్సర్ మార్చే రోజున నేనూ సింధనూరు వెళ్లాను. మెకానిక్ షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇంజన్ దగ్గర పైపును పట్టుకున్న నట్లు తుప్పుతో కరుచుకుపోయి ఓ పట్టాన రాలేదు. మెకానిక్ నూనె పోసి, టీ తాగి వచ్చి, సుత్తితో మెల్లగా తట్టి తట్టి వాటిని లొంగదీశాడు. కొత్తది పొట్టిగా, నల్లగా, లావుగా ఉంది. దాన్ని బిగించి, చేతులు తుడుచుకుని, మా ఆయన్ని పిలిచాడు.

"గిప్పుడు స్టార్ట్ జెయ్ అన్నా. ఆవాజ్ ఇను, ఏక్ నంబర్ ఉంటది. మోత ఎక్కువ గాకుండ లోపల జాలీ ఏసిన, పోలీసోళ్లు గూడ ఏమనరు."

మా ఆయన కిక్కు కొట్టాడు. శబ్దం లేచింది. యాక్సిలేటర్ కొంచెం తిప్పి వదిలాడు, మళ్లీ తిప్పాడు, తల ఒక పక్కకు వాల్చి విన్నాడు. నాకు ఆ శబ్దంలో ఏ గొప్పా కనిపించలేదు. ఆయన మొహం మాత్రం చాలా బాగుంది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత వెలుగు లేదు, ఉంటే నాకు గుర్తుండేది. పాత సైలెన్సర్ ఎవరికన్నా పనికొస్తది ఇడిసిపో అని మెకానిక్ అంటే, అక్కడే వదిలేసి వచ్చాం. గోరేబాళ దాకా ఆయన నిటారుగా కూర్చుని తోలాడు.

ఇంటి ముందుకు రాగానే గేదె పలుపు తెంచుకున్నంత పని చేసింది.

మొదట బెదిరిందనుకున్నాం. మర్నాడు ఆయన మలుపులోనే ఇంజన్ ఆపేసి, బండి తోసుకుంటూ వచ్చాడు. చెమటలు కక్కుతూ తవుడు ముద్ద నోటి ముందు పెట్టాడు. గేదె తవుడు తిన్నది. కానీ తల ఎత్తి మాటిమాటికీ కాలవ మలుపు వైపే చూసింది. నేను పొదుగు కడిగి ఎంత నిమిరినా చేపలేదు.

"మీకోసమే చూస్తోందండీ. ఇక్కడే ఉన్నానని చెప్పండి" అన్నాను నవ్వుతూ.

రోజులు గడిచేకొద్దీ నాకు నవ్వు రాలేదు. పొదుగు గట్టిపడింది, ముట్టుకుంటే వేడి. పశువుల డాక్టర్ వచ్చి చూసి జబ్బేమీ లేదన్నాడు. మళ్లీ సూది మాట వచ్చింది. అడక్కుండానే సంత బేరగాడొకడు ఇంటి ముందు వాలాడు. ఎవరొచ్చినా మంచం వాల్చి కూర్చోమనే మా ఆయన, వాడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

మా కాలవకు నీళ్లు వదిలే నీరుగంటి రాయచూరు పక్క పల్లె మనిషి. నన్ను అక్కా అని, ఆయన్ని అన్నా అని పిలుస్తాడు. ఆ సాయంత్రం నేను ఖాళీ తపేలాతో పొదుగు దగ్గర కూర్చున్నాను, మా ఆయన తవుడు ముద్ద పట్టుకుని గేదె ముందు నిలబడ్డాడు. కాలవ మలుపులో గలగల వినపడింది. గేదె చెవులు తిరిగాయి. సన్నగా మూలిగింది. నేను తపేలా సర్దుకునేలోపే నేల మీద పాలచుక్కలు. రెండు చేతులా పిండుతూ తల తిప్పి చూద్దును కదా, గట్టు మీద బండి ఆపి నీరుగంటి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఏందక్కా, మీ బర్రె నన్ను జూసి గిట్ల ఒర్లుతది? నేనేమన్న దాని సుట్టమా?"

మా ఆయన తవుడు అక్కడే పెట్టి అతని బండి దగ్గరికి వెళ్లాడు. గొంతుక్కూర్చుని సైలెన్సర్ అడుగున తడిమాడు. "ఇది నాది" అన్నాడు.

"నీదేందన్నా! నాది తుప్పు వట్టి ఊడిపోతే మొన్ననే సింధనూర్ల ఏయించిన."

"నీదేలే తమ్ముడూ. ఆ అతుకు నేనేసింది" అన్నాడు మా ఆయన.

నాకు నవ్వు ఆగలేదు. పాలు పిండుతూ పగలబడి నవ్వాను. ఆ తర్వాత ఆయన వైపు చూశాను. కోపం లేదు, ఏమీ లేదు. చిన్నబోయి ఉన్నాడు. తినిపించింది ఆయన, నిమిరింది ఆయన, మాట్లాడింది ఆయన. అది పాలు వదిలింది మాత్రం అతను వచ్చాడని. ఆ పూట నా నవ్వు నాకే చేదుగా అనిపించింది.

నీరుగంటి మంచివాడు. మేము అడగ్గానే ఒప్పుకుని పాలు తీసే వేళకు రోజూ గట్టు మీదుగా వచ్చేవాడు. గేదె చేపేది, పొదుగు మెత్తబడింది. మా ఆయన పక్కనే నిలబడి తవుడు పెట్టేవాడు గానీ, అది తింటూనే గట్టు వైపు చూసేది. ఇంతలో కాలవ బందు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి.

"నీళ్లు బంద్ జేస్తే నాకు గీ దిక్కు పనుండదన్నా. ఊరికి వోతా. బర్రెకు ఎట్ల జేస్తరో ఏమో" అని అతనే బాధపడ్డాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "సైలెన్సర్లు మార్చుకుంటాం. నాది అతనికి, అతనిది నాకు" అన్నాడు.

నాకు ప్రాణం ఉసూరుమంది. జీవితంలో ఒక్కటి అడిగాడు, అదీ నెల నిలవలేదు. "వద్దండీ. ఇంకా టైముంది. కొత్త చప్పుడే మెల్లమెల్లగా అలవాటు చేద్దాం. బండి ఆన్‌లో పెట్టి తవుడు తినిపించండి. అదే నేర్చుకుంటుంది" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన కోసం గేదె మీద కూడా కోప్పడ్డాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నేర్చుకుంటుందేమో. అప్పటిదాకా నేను రాలేదనుకుంటూ ఉంటుంది కదే. దూడ పోయిందని ఒకసారి ఏడ్చింది. ఇప్పుడు నేనూ పోయాననుకోవాలా?"

మర్నాడు ఇద్దరూ రెండు బండ్ల మీద సింధనూరు వెళ్లారు. బర్రె కోసమా అని మెకానిక్ పకపకా నవ్వాడట. సాయంత్రం కాలవ మలుపులో గలగల వినపడింది. గేదె మూలిగింది. ఈసారి మలుపు తిరిగి వచ్చింది మా ఆయనే. ఆయన బండి దిగి దాని దగ్గరికి వస్తే, అది నాలుక చాపి ఆయన మోచేయి నాకింది. ఆయన అలాగే నిలబడిపోయాడు. నేను తల వంచుకుని పాలు పిండాను, కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

కాలవ బందు పెట్టడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. ఒక సాయంత్రం పాలు తీయడం అయిపోయి, గేదె గడ్డి తింటోంది. మా ఆయన గాడి అంచున కూర్చున్నాడు. అటు గట్టు మీద నీరుగంటి బండి డబ్ డబ్ మంటూ వచ్చింది. ఆయన మాట మధ్యలో ఆపేసి తల ఎత్తాడు.

"ఈ గేదె ఒట్టిపోయాక మీకు మళ్లీ కొత్త సైలెన్సర్ వేయిద్దామండీ" అన్నాను.

"తోలేవాడికి ఏం వినపడుతుందే, చెవుల్లో గాలి తప్ప" అన్నాడు. "బండి మీదున్నప్పుడు నాకు సరిగ్గా తెలియనే లేదు. ఇప్పుడు ఎంత బాగా వినపడుతోందో చూడు."

ఆ మాట నిజమో, నా కోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు. అడగలేదు. గబగబా గట్టు దాకా వెళ్లి కేకేశాను.

"తమ్ముడూ, ఒక్క నిమిషం ఆగు. ఊరికే అక్కడే ఉండి ఇంకోసారి రేజు చేసి వెళ్లు."

అతను మా ఆయన వైపు చూసి, ఏమీ అడక్కుండా యాక్సిలేటర్ తిప్పాడు. గేదె విసుగ్గా చెవులు విదిలించింది. మా ఆయన సిగ్గుపడి నా వైపు చూడలేదు గానీ, అతను వెళ్లిపోయేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.