రెక్సిన్ ముసుగు

నెగెటివ్ ఆరాక కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశాను. అక్క కూర్చున్న కుర్చీ వీపుకున్న కేన్ అల్లిక కన్నూ కన్నూ విడివిడిగా కనపడుతోంది. దాని వెనక గోడకున్న మేకు కూడా తెలుస్తోంది. అక్క మొహం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలోంచి చూస్తున్నట్టుంది. రెండో నెగెటివ్ తీశాను. అదీ అంతే. మళ్ళీ వెళ్ళి తీద్దామంటే, ఆ ఉదయమే బాపట్లలో డాక్టరు అక్క ముందుపళ్ళు తీసేశాడు.

ఆ పళ్ళు ఉండగా తీయాలనే ఈ పాట్లన్నీ.

మా అక్క బాపట్లలో టీచరుగా చేసి రిటైరయింది. చిగుళ్ళు పాడయ్యాయి, ముందుపళ్ళు ఉంచి లాభం లేదని డాక్టరు తేల్చాక నాకు ఫోను చేసి, తీయించుకునేలోపు మంచి ఫొటో ఒకటి కావాలంది. ఎందుకని అడిగితే, కొంచెం కూడా తడుముకోకుండా, "నా ఆదరణ కూడికకి" అంది. మా క్రైస్తవుల ఇళ్ళల్లో మనిషి పోయిన కొన్నాళ్ళకి బంధువులు, సంఘస్థులు కలిసి ఆ ఇంటివాళ్ళకోసం ప్రార్థన చేస్తారు. అదే ఆదరణ కూడిక. ఇప్పుడు దానికి మనిషెత్తు ఫ్లెక్సీ తప్పనిసరి అయిపోయింది.

"మొన్న మా హెడ్మిస్ట్రెస్ గారి కూడికకి వెళ్ళానురా. ఎవరి పెళ్ళిలోనో భోజనాల దగ్గర తీసిన ఫొటో కత్తిరించి ఫ్లెక్సీ వేశారు. ఆవిడ బుగ్గలో గారె ఉంది. పాస్టరుగారు పరలోకం గురించి చెబుతున్నంతసేపూ నేను ఆ గారెనే చూస్తున్నా."

"ఫోన్లో తీస్తాలే అక్కా."

"ఫోన్లో నా ముక్కు బుడంకాయలా వస్తుంది. నాన్న ఫొటో ఉంది చూడు, అట్లాంటిది కావాలి. రేపు పళ్ళు పోయి బుగ్గలు లోపలికి పోతే అది నా మొహం ఎట్లా అవుతుందిరా?"

నాన్న ఫొటో రేపల్లెలో ఒక స్టూడియోలో పెద్ద చెక్క కెమెరాతో తీసింది. మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆ స్టూడియో ఎప్పుడో మూతపడింది. ఆ గదిలోనే ఇప్పుడు స్టూడియో ఆయన కొడుకు ఫోను కవర్లు అమ్ముతున్నాడు. పేపర్లో ఫొటోగ్రాఫరుగా ఉన్నన్నాళ్ళూ నాకు ఆఫీసు కెమెరానే ఉండేది, రిటైరయిన రోజున అప్పగించేశాను. ఖాళీగా ఉండలేక, ఆ అబ్బాయిని బతిమాలి అటక మీదున్న ఆ చెక్క కెమెరాని కొనుక్కుని, తెనాలి తెచ్చి బాగుచేసుకున్నాను. అక్కకి ఆ సంగతి తెలుసు. అందుకే అడిగింది.

ఈ కెమెరా పనితీరు చెప్పడానికి తేలికే. ముందు లెన్సు, వెనక ఒక గరుకు గాజు. ఎదుటి మనిషి బొమ్మ ఆ గాజు మీద తలకిందులుగా పడుతుంది. అది చూసుకుంటూ లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపి, మొహం స్పష్టంగా కుదిరాక, గాజు స్థానంలో ఫిల్ము పెట్టి తీయాలి. అయితే ఆ బొమ్మ బాగా మసక. చుట్టూ చీకటి ఉంటేనే కనపడుతుంది. అందుకని పాతకాలంలో తల మీద నల్లగుడ్డ కప్పుకునేవాళ్ళు. నేనూ అదే చేద్దామని ఒక ఆదివారం బాపట్ల వెళ్ళి, ఆరాధన అయ్యాక అక్కని కూర్చోబెట్టి, గుడ్డ కప్పుకున్నాను. గాజు మీద తలకిందులుగా ఉన్న అక్క ఊగుతోంది.

"అక్కా, నవ్వకు."

"నవ్వట్లేదురా."

"మరి ఆ ఊగడం ఏంటి?"

"ఇక్కణ్ణుంచి నువ్వెట్లా ఉన్నావో తెలుసా? గుడారానికి కాళ్ళొచ్చినట్టున్నావు."

నేను బయటికొస్తే నవ్వు ఆగుతుంది. లోపలికి దూరగానే మళ్ళీ మొదలు. నవ్వితే కదిలే పళ్ళు బయటికొస్తాయని చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ గుడ్డ కింద ఉక్కకి నా కళ్ళజోడు చెమ్మపట్టి నాకేమీ కనపడదు. ఆ రోజు ఒక్క ఫిల్ము కూడా వాడకుండా సామాను సర్దుకున్నాను.

అప్పుడు పుట్టింది ఈ ముసుగు ఆలోచన. రెక్సిన్‌తో ఒక గొట్టం. ఒక చివర గాజు చట్రానికి బిగుతుగా పడుతుంది. రెండో చివర భూతద్దం, దానికి కన్ను ఆనించి చూడటమే. తల దాచుకునే పని లేదు కాబట్టి అక్కకి నవ్వూ రాదు. విదేశాల్లో ఇవి తయారుగా దొరుకుతాయి. తెప్పించుకునేదాకా డాక్టరు ఆగడు. ముందు చీరల డబ్బా అట్టతో నేనే చేశాను. తెనాలి గాలిలో తేమకి అది మెత్తబడి, భూతద్దం బరువుకి తల వాల్చేసింది.

బస్టాండు వెనక ఆటోలకి సీట్లు కుట్టే అతని దగ్గరికి వెళ్ళాను. పనిమంతుడని పేరు. భూతద్దం నుంచి గాజుకి దూరం ఇంతే ఉండాలి, ఎక్కువైనా తక్కువైనా అంతా మసగ్గా కనపడుతుందని, అతని బల్ల మీదే చాక్‌పీసుతో గీత గీసి చూపించాను. అంతా విని "ఊఁ" అన్నాడు. రెండు రోజులాగి వెళితే, ముసుగు చక్కగా ఉంది. లోపల మాత్రం మీగడ రంగులో నిగనిగలాడుతోంది.

"ఇదేంటయ్యా, లోపలంతా నల్లగా ఉండాలన్నానుగా?"

"పైన నలుపే కదండీ బాబాయిగారూ."

"పైన కాదు, లోపల!"

"లైనింగు లేకుండా కుట్లు కనపడేటట్టు ఇస్తే మా షాపులో కుట్టిందంటే ఎవరన్నా నమ్ముతారా అండీ? మంచి క్లాతండి, పెళ్ళికొడుకు కారు సీట్లకి వేసింది."

"లోపల ఎవరూ చూడరయ్యా."

"మీరు చూస్తారు కదండీ?"

నిజమే, చూడటానికే కదా కుట్టించుకుంటున్నది. ఊడదీయమంటే, సొల్యూషన్‌తో అతికించాను, లాగితే రెక్సిన్ కూడా వస్తుందన్నాడు. ఇంటికి తెచ్చి లోపలంతా బ్లాక్ బోర్డు పెయింటు వేశాను. గొట్టంలో చెయ్యి పట్టదు, కుంచె మూలలకి అందదు. డాబా మీద ఆరబెడితే పైన ఎండింది, లోపల జిగురు జిగురుగానే ఉంది. మడిస్తే అతుక్కుపోతుంది. విప్పితే పొట్టు రాలి గాజు మీద పడుతుంది. ఆ వారమంతా నా కోపం లైనింగు మీదే. అందువల్ల అసలు చూడాల్సింది చూడలేదు. పేపర్లో ఉన్నప్పుడు బస్సు ప్రమాదంలో పోయినవాళ్ళ పేర్లు ఆసుపత్రికి ఫోను చేసి మళ్ళీ సరిచూసుకున్న మనిషిని, ఇంట్లో ఉన్న స్కేలు తీసి ఆ ముసుగు పొడుగు కొలవలేదు. కెమెరాకి ముసుగు తొడిగి డాబా మీంచి వాటర్ ట్యాంకుని చూస్తే అంతా కాస్త అలికినట్టుంది. కంటికి శుక్లాల ఆపరేషనై ఎన్నాళ్ళో కాలేదు, కన్ను కుదురుకోలేదనుకున్నాను.

పళ్ళు తీసే రోజుకి ముందురోజు పొద్దున రైల్లో బాపట్ల వెళ్ళాను. అక్క పేరాల నేత చీర కట్టుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని సిద్ధంగా ఉంది. వరండాలో కుర్చీ వేసి, కెమెరాకి ముసుగు తొడిగాను.

"ఆటో వాసన వస్తోందేంట్రా?" అంది. నవ్వలేదు. ముసుగు ఆ ఒక్క పనీ చేసింది.

కన్ను ఆనించి లెన్సుని జరిపే మర తిప్పాను. ముందుకి తిప్పినా అంతే, వెనక్కి తిప్పినా అంతే. ఎక్కడ ఆపినా ఒకేలాంటి మసక. అక్క ముడతల్లో పట్టుకోవడానికి గీత ఏదీ దొరకలేదు. ఒకచోట కాస్త తేటగా అనిపించింది. అది కుర్చీ అల్లికేనని, అడ్డంగా నిలువుగా ఉన్న గీతలు కాబట్టి తేలిగ్గా కంటికి తగిలిందని అప్పుడు తెలియలేదు.

"అయ్యిందా? ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఇంకాసేపు చూస్తే కూడిక ఇవాళే పెట్టుకోవచ్చు."

"కదలకు."

రెండు ఫిల్ములు తీశాను. ఉన్నవి ఆ రెండే. మర్నాడు తెనాలిలో బాత్రూం కిటికీ మూసి కడిగితే, మొదట చెప్పిన సంగతి బయటపడింది. అప్పుడు తీశాను స్కేలు. ముసుగు పొడుగు నేను గీసిన గీత కంటే రెండు వేళ్ళ మందం ఎక్కువుంది.

కెమెరానీ ముసుగునీ పట్టుకెళ్ళి సీట్లతని బల్ల మీద పెట్టాను.

"తెలిసే పెట్టానండి," అన్నాడు. "ఎక్కువుంటే మడిచి కుట్టుకోవచ్చు. తక్కువైతే అతుకు పడుద్ది. అతుకు బాగోదండి."

"మరి నేను గీసిన గీత?"

"గీత మీద ఎవరు కోస్తారండీ?"

మా వైపు ఎవరూ కోయరు. స్కూలు చొక్కా వచ్చే ఏడాదికి కూడా రావాలి, జాకెట్టుకి కుట్లలో గుడ్డ వదలాలి. నేనూ అక్కా అలాంటి బట్టల్లోనే పెరిగాం. అదంతా తెలిసీ, నా గీతని అతను మన్నిస్తాడని ఎలా అనుకున్నానో. అతను అక్కడికక్కడే మడిచి కుట్టిచ్చాడు. బయటికొచ్చి కెమెరాకి తొడిగి చూస్తే, బస్టాండులో బస్సు మీది అక్షరాలు తలకిందులుగా, సూదితో గీసినట్టు కనపడ్డాయి. కోపం ఇంకా పెరిగింది.

సాయంత్రం అక్కకి ఫోను చేశాను. నోట్లో దూదితో మాట్లాడింది.

"ముక్కు ఎట్లా వచ్చింది?"

"మసగ్గా."

"అయితే మంచిదేగా. ఫ్లెక్సీకి చాలదూ?"

"చాలదక్కా. మనిషెవరో తెలియట్లేదు."

గంజి చల్లారిపోతోందని ఫోను పెట్టేసింది.

చిగుళ్ళు మానడానికి కొన్ని నెలలు పడుతుందట, ఆ తర్వాతే కట్టుడు పళ్ళు. మళ్ళీ ఫిల్ములు తెప్పించాను. ఈలోపు బోసినోటితో కూర్చుంటావా, కొత్త పళ్ళు వచ్చాక కూర్చుంటావా అని అక్కని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ, గంజి పొయ్యి మీదుందని ఫోను పెట్టేసింది.