ముడులు విప్పిన పొద్దు

నంద్యాల టీచర్ల ట్రైనింగు స్కూల్లో మనశ్శాస్త్రంలో చెప్పిన పాఠం నాకు కంఠతా వచ్చు. దిగులంటే మనసులో నిలవుండేది, ఉద్వేగమంటే ఉన్నట్టుండి లేచి మనిషిని కుదిపేసేది, అది ముఖంలో కనబడుతుంది. పదికి తొమ్మిది మార్కులు వేశారు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందో సెలవులకు ఆళ్లగడ్డ పక్కన మా ఊరు వచ్చాక గాని తెలియలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అక్కకు నొప్పులు మొదలై రెండో రోజు. దిగులు మా ఇంట్లో చుట్టంలా కూర్చుంది. కాఫీ అడగలేదు, లేవనూ లేదు. కాన్పు కష్టమైతే ఇంట్లో ముడి అన్నది ఉండకూడదని అవ్వ పట్టు. బొక్కెన తాడు, గింజల మూటలు అన్నీ విప్పించి నా పంచె వైపు చూసింది.

"ఇది జారితే బిడ్డ సిగ్గుపడి అసలే రాదవ్వా," అన్నాను.

"నోర్ముయ్‌రా!"

పొద్దెక్కాక మంత్రసాని బయటికొచ్చింది. "బిడ్డ అడ్డం తిరిగిందప్పా. నా చేతిలో ల్యాదు. నంద్యాల ఆసుపత్రికి బేగా తీస్కపోండి," అంది నాయనతో.

పది గంటల బస్సు తప్పితే మళ్లీ సాయంత్రమే. రోడ్డుదాకా బండి కట్టాలి. కొట్టంలో పలుపులు నేలమీద పడున్నాయి. ఎద్దులు లేవు.

"ఎద్దులు యాడికి పోయినాయి?" అని నాయన అరిచాడు.

"పలుపులకూ ముడులే గదప్పా," అంది అవ్వ. "తెల్లార్తోనే ఇప్పినా."

జొన్నచేలో వాటిని పట్టి తెచ్చేసరికి లోపల అక్క అరుపులు ఆగిపోయాయి. అరుపులే నయమనిపించింది. నాయన కాడి ఎత్తి ముడి వేయబోయాడు. జారింది. మళ్లీ వేశాడు. మళ్లీ జారింది.

"అవ్వ మంత్రం బాగా పారినట్టుంది నాయనా," అన్నాను. ఎవరూ నవ్వలేదు, నాతో సహా. ఆయన ముఖం ఎప్పటిలాగే ఉంది. వేళ్లే ఆయన మాట వినడం లేదు.

"ఏందిరా సూస్తాండావ్? నువ్వు కట్టు," అన్నాడు తల తిప్పుకొని.

పుస్తకాలు కట్టే ముడి ఒక్కటే నాకు వచ్చు. అదే వేశాను. బస్సుదాకా నిలిచింది.

మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలోకి డాక్టరమ్మ వచ్చి, తల్లీ బిడ్డా బతికారని చెప్పింది. నాయన గోడవైపు తిరిగాడు.

"ఎద్దులకు మేతేసినారో ల్యాదో," అన్నాడు.

లేచి, తుండుగుడ్డ నడుముకు చుట్టి ముడేశాడు. ఒక్కసారికే పడింది.