చచ్చిన విలన్‌ను లేపిన ఖాదర్

మల్దకల్‌లో మల్లన్న రేకుల టాకీసుకు అబ్దుల్ ఖాదర్ ఆపరేటర్. తాను సైగ చేస్తే తప్ప ఏ హీరో తెర మీదికి రాడని చెప్పుకునేవాడు. అతని మాట నమ్మని మనిషి ఊళ్లో ఒక్కతే, భార్య హుసేన్‌బీ.

రెండువేల ఐదు ఎండాకాలంలో అతని కొలువుకే ఎసరొచ్చింది. హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది. ఒకప్పుడు సినిమాలు తీసి ఊరుకునేది. తర్వాత పంపిణీ కూడా తానే పట్టింది. ఇప్పుడు గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా టాకీసులు లీజుకు తీసుకుని, సొంత ఆపరేటర్లను పెట్టుకుంటోంది. పెద్ద హీరో బొమ్మ కావాలంటే ముందు వాళ్ల ఫ్లాపు బొమ్మ వారం ఆడించాలి. ఆడకపోతే టాకీసు వాళ్లకు అప్పగించాలి.

"ఖాదర్ భాయ్, గీ బొమ్మ వనపర్తిల రెండో ఆటకే లేసిపోయిందంట!" అన్నాడు మల్లన్న.

"నేనుండంగ నీకేం పరేషానన్నా? ఉత్త తెరను గూడ వారం ఆడిస్త!"

మొదటి ఆటకు పట్టుమని పదిమంది రాలేదు. టికెట్లు చింపే బుచ్చన్న పని లేక క్యాబిన్‌లో కూర్చున్నాడు. మన్ననూర్ అడవిలో పులికి సినిమా చూపించిన కథ ఎత్తుకున్నాడు ఖాదర్. పులి ఈల వేసే ఘట్టం జోరులో ఆఖరి రీలును రెండో రీలుగా ఎక్కించేశాడు.

అరగంటకే విలన్ చచ్చాడు. హీరో తాళి కట్టాడు. శుభం పడింది. జనం లేచి చెప్పులు వెతుక్కుంటుంటే, విలన్ కులాసాగా టీ తాగుతూ ప్రత్యక్షమయ్యాడు. హీరో తన పెళ్లాన్నే నీ పేరేంటని అడిగాడు.

"ఓరి వీని, సచ్చినోడు లేసొచ్చిండ్రో!"

ఖాదర్ రోజూ రీళ్లను అదే వరసలో ఆడించాడు. ఆ వింత చూడ్డానికి మర్నాటి నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ట్రాక్టర్లు కట్టుకుని వచ్చారు. గోడలెక్కినవాళ్లు ఎక్కగా, మిగిలినవాళ్లు రేకుల మీద పడుకుని బొక్కల్లోంచి చూశారు.

"గదంత నా తెలివే," అన్నాడు ఖాదర్.

"కతలు చెప్పుకుంట రీలు తప్పినవంట గద! బుచ్చన్న చెప్పిండు," అంది హుసేన్‌బీ.

వారం నిండగానే కంపెనీ మేనేజర్ జీపు దిగాడు.

"మాట ప్రకారం పెద్ద బొమ్మ మీకే. కానీ టాకీసు మాకివ్వాలి."

"బొమ్మ ఆడింది గద సార్!" అన్నాడు మల్లన్న.

"ఆడని టాకీసైతే వదిలేసినా వదిలేద్దుం. మా ఫ్లాపునే ఆడించిన టాకీసును బయటెలా ఉంచుతాం? ఇవ్వనంటారా, దసరాకు బొమ్మ ఎవరిస్తారో చూసుకోండి."

అన్ని బొమ్మలూ వాళ్ల గుప్పిట్లోనే ఉన్నాయి. మల్లన్న సంతకం పెట్టాడు. ఖాదర్‌ను మాత్రం మేనేజర్ వదల్లేదు. ఊరూరా తిరిగి మిగతా ఫ్లాపులనూ తారుమారు చేయమన్నాడు.

"సూసినవా, కంపెనీనే కొనేసిన!" అని ఖాదర్ జీపెక్కాడు.

"కొన్నోనివి ముందు సీట్ల కూసో మరి," అంది హుసేన్‌బీ.

వెనకాల రీలు డబ్బాల మధ్య కాళ్లు ముడుచుకుంటూ, "ముందు కూసుంటే ఎండ కొడ్తది," అన్నాడు ఖాదర్.