మూత మీద పేరు

నా పరిశోధనాసక్తి ఏమిటని ఎవరైనా అడిగితే కిడ్నీ జబ్బు అని చెబుతాను. అది సగమే నిజం.

పీహెచ్‌డీ రెండో ఏడు నరసన్నపేట అవతల ఒక మత్స్యకారుల ఊళ్లో మూత్రపరీక్షలు చేయిస్తున్నాను. డబ్బాల మూతల మీద పేర్లు పెద్దక్షరాలతో నేనే రాసి, బడి అరుగు మీద వరసగా పెట్టించేదాన్ని. ఒక ఇంటి నుంచి వచ్చిన నాలుగు డబ్బాల ఫలితాలూ అచ్చు ఒకేలా ఉన్నాయి. ఎవరికీ ఏ జబ్బూ లేదు. ఆ ఇంటి పెద్దకొడుకు కాళ్లు వాచిపోయి ఉండడం నేను కళ్లారా చూశాను.

ఒళ్లు మండిపోయి వెళ్లి తల్లిని నిలదీశాను. ఆవిడ ఇసక మీద ఎండుచేపలు తిరగేస్తూ తలెత్తలేదు.

"నాలుగూ మా సిన్నకోడలివే. నువ్వు పెద్దోడి పేరు రాసి ఊరందరికీ సూపిత్తన్నావు. రోగమని తెలిస్తే ఆడిని పడవెవుడు ఎక్కించుకుంతాడు?"

"మందులు ఇప్పిస్తాం కదమ్మా."

"మందులేసుకుని ఏటి తింతాడు? నువ్వే సెప్పు."

బడికి తిరిగొచ్చి మిగతా డబ్బాల మీద పేర్లన్నీ చెరిపి అంకెలు వేయడం మొదలుపెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు ల్యాబులో యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి నా నమూనా కూడా పంపాను. ఆ ఒక్క మూత మీద మాత్రం నేను పేరు రాయలేదు. అంకె వేశాను.